హైదరాబాద్ – వైజాగ్ గాల్లో 510 కిలోమీటర్లే కదా, టికెట్ మీద గంటా ఇరవై ఎందుకు ఉంటుంది?

గాజువాక_అమ్మాయి
మ్యాప్‌లో శంషాబాద్ నించి వైజాగ్ ఎయిర్‌పోర్టుకి గీత గీసి చూశా, 510 కిలోమీటర్లు వచ్చింది. విమానం గంటకి 800 పైన పోతుంది అంటారు, ఆ లెక్కన 40 నిమిషాల్లో దిగిపోవాలి. టికెట్ మీద చూస్తే గంటా ఇరవై, ఒకదాంట్లో గంటా ఇరవై అయిదు కూడా ఉంది. మిగతా నలభై నిమిషాలు ఎక్కడ పోతున్నాయి? ఊరికే అడగట్లేదు. మా అమ్మకి 72 ఏళ్లు, గాజువాకలో ఒక్కతే ఉంటుంది, వచ్చే నెల మియాపూర్‌లో మా ఇంటికి తీసుకురావాలి. ఆ గుమ్మం దగ్గర్నించి ఈ గుమ్మానికి అసలు ఎంతసేపు పడుతుందో నాకు లెక్క తేలట్లేదు. అమ్మ ఇంతవరకు విమానం ఎక్కలేదు. విమానమా, వందే భారతా, రాత్రి రైలా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

సీటు_12ఎఫ్
నెలకి రెండు మూడు సార్లు ఈ రూట్లోనే తిరుగుతా, ఆఫీసు పని. ఫోన్‌లో టైములు రాసుకునే అలవాటు ఉంది నాకు. పోయిన వారం వైజాగ్ వెళ్లినప్పటివి ఇవి. టికెట్ మీద 6:10 నించి 7:30. తలుపు మూసింది 6:02. బండి వెనక్కి కదిలింది 6:11. గాల్లోకి లేచింది 6:27. నేల తాకింది 7:18. ఆగింది 7:25. అంటే గాల్లో ఉన్నది 51 నిమిషాలే. మిగతాదంతా నేల మీద నడకే.

వరంగల్_పోరడు
510 కిలోమీటర్లకు 51 నిమిషాలా? అంటే గంటకు 600. మరి 800 అని ఎందుకు చెప్తరు అందరు?

బెజవాడ_బుల్లోడు
800 అనేది హైవే ఎక్కాక స్పీడు బ్రో. ఇంటి సందులోంచే 100లో పోతావా నువ్వు?

రైలుబండి_రాజు
విమానం సంగతి పక్కన పెట్టండి గాజువాక గారూ. మీ అమ్మగారిది గాజువాక అంటున్నారు, దువ్వాడ స్టేషను పక్కనే కదండీ. వైజాగ్ మెయిన్ స్టేషను దాకా వెళ్లే పని కూడా లేదు, గోదావరి ఎక్స్‌ప్రెస్ దువ్వాడలో ఆగుతుంది. సాయంత్రం ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి సికింద్రాబాద్. 1974 నించి మా జిల్లాల జనం హైదరాబాద్ వెళ్లేది ఆ బండిలోనే. నిద్రలో గడిచిన టైము టైమే కాదండి నన్నడిగితే.

సింహాచలం_అప్పన్న
అప్పర్ బెర్త్ వస్తే 72 ఏళ్ల మనిషి ఎలా ఎక్కుద్ది రాజు గారూ

రైలుబండి_రాజు
సీనియర్ సిటిజన్ లోయర్ బెర్త్ కోటా ఉందండి, బుక్ చేసేటప్పుడు వయసు కరెక్టుగా వేస్తే చాలావరకు లోయరే ఇస్తుంది. ముందుగా చేసుకోవాలి అంతే. పండగ వారంలో మాత్రం చెప్పలేం.

టవర్_తాత
ఈ ప్రశ్న నాకు వదిలేయండి. నేను ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లో పని చేసి రిటైరయ్యాను, బేగంపేట పాత ఎయిర్‌పోర్టు రోజుల నుంచి. అమ్మాయి అడిగిన నలభై నిమిషాలు ఎక్కడ పోతున్నాయో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

టికెట్ మీద ఉండేది ఎగిరే టైము కాదమ్మా. గేటు దగ్గర చక్రాలు కదిలిన క్షణం నుంచి అవతల గేటు దగ్గర చక్రాలు ఆగే దాకా. దాన్ని బ్లాక్ టైమ్ అంటాం. వెనక్కి నెట్టడం, ఇంజన్లు స్టార్ట్ చేయడం, రన్‌వే చివరిదాకా పాక్కుంటూ పోవడం, ముందు రెండు మూడు విమానాలుంటే వాటి వెనక నిలబడటం, ఇదంతా అందులోదే. మన 12ఎఫ్ గారి లెక్కలో బయల్దేరేటప్పుడే 16 నిమిషాలు నేల మీద అయిపోయాయి చూడండి.

ఇక గాల్లో 51 నిమిషాల సంగతి. 10,000 అడుగుల లోపల 250 నాట్ల వేగం దాటకూడదని రూలు, అంటే గంటకి సుమారు 463 కిలోమీటర్లు. ఎక్కేటప్పుడూ అంతే, దిగేటప్పుడూ అంతే. 33,000 అడుగులకి ఎక్కేసరికి దాదాపు 20 నిమిషాలు, 200 కిలోమీటర్లు అయిపోతాయి. దిగడం ఎప్పుడు మొదలు పెడతారంటే ఊరు ఇంకా 185 కిలోమీటర్లు ఉందనగానే. 510లో ఈ రెండూ తీసేయండి, ఏం మిగిలింది? 125 కిలోమీటర్లు. మీరు చెప్పే 800 స్పీడు ఆ కాసేపే, తొమ్మిది పది నిమిషాలు. సీటు బెల్టు లైటు ఆరిపోయి, ట్రాలీ వచ్చి, నీళ్ల బాటిల్ మూత తీసే లోపల మళ్లీ దిగుతున్నాం అంటారే, అందుకే.

వరంగల్_పోరడు
తాతా మస్తు చెప్పినవ్. ఎక్కుడు దిగుడే సరిపోతుంది అన్నట్టు.

సీటు_12ఎఫ్
తాతగారు చెప్పాక ఇప్పుడర్థమైంది, నేను రెండేళ్లుగా ఆ రూట్లో కాఫీ పూర్తిగా తాగలేకపోయిందెందుకో.

సింహాచలం_అప్పన్న
ఒక డౌటు తాతగారూ, మా వైజాగ్‌లో దిగేటప్పుడు కొన్నిసార్లు సముద్రం మీదికి తీసుకెళ్లిపోయి, ఓడలన్నీ చూపించేసి, మళ్లీ ఎనక్కి తిప్పి దింపుతాడు. హైదరాబాద్ నించి వచ్చినోడు పడమట నించి వచ్చాడు కదా, అటు నించే దిగిపోవచ్చు కదా ఏటి?

టవర్_తాత
మంచి డౌటు. విమానం వీలైనంతవరకు గాలికి ఎదురుగానే దిగాలి, ఎదురుగానే లేవాలి. పడమటి గాలి ఉంటే సముద్రం వైపు నుంచి రావాలి. పైగా మీ ఊరి చుట్టూ కొండలు, ఇటు యారాడ, అటు సింహాచలం. ఊరు దాటించి తిప్పుకుని రావడానికి ఏడెనిమిది నిమిషాలు. శంషాబాద్‌లోనూ ఇదే కథ, పడమటి గాలి ఉన్నప్పుడు పడమర వైపు లేచి తర్వాత తూర్పుకి తిరగాలి. ఇంకొకటి, వైజాగ్ విమానాశ్రయం అసలు నేవీ వాళ్లది, ఐఎన్ఎస్ డేగా. కంట్రోల్ టవర్లో ఉండేది కూడా నేవీ మనుషులే. వాళ్ల శిక్షణ విమానాలు ఎగిరే వేళ మన విమానం కాస్త ఆగాల్సి వస్తుంది. ఇవన్నీ తెలుసు కాబట్టే కంపెనీలు టికెట్ మీద కాస్త ఎక్కువే వేస్తాయి. 15 నిమిషాలు దాటితేనే లేటు కింద లెక్క.

బెజవాడ_బుల్లోడు
అంటే గంటలో దింపి "పది నిమిషాలు ముందే వచ్చేశాం" అని అనౌన్స్ చేసేది ఆ ఎక్కువ వేసుకున్న దాంట్లోంచేనా తాతగారూ

టవర్_తాత
అంతే బాబూ. గాలి బాగుంటే ముందు, బాగోకపోతే టైముకి.

వరంగల్_పోరడు
నాకు ఒక ముచ్చట చెప్పు తాతా. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతది కద. మనం హైదరాబాద్‌ల లేస్తే వైజాగ్ ఇంకా ముందుకు జరుగుతుంటది. మరి పోయేటప్పుడు లేటు, వచ్చేటప్పుడు జల్దీ కావాలె కద? మా దోస్తు గట్లనే అని బెట్టింగ్ కట్టిండు.

డాలస్_శీను
మీ దోస్తు ఓడిపోయాడు. నేను డాలస్ నుంచి దోహా మీదుగా హైదరాబాద్ వస్తుంటా. డాలస్–దోహా 12,700 కిలోమీటర్ల పైన. తూర్పుకి వచ్చేటప్పుడు పద్నాలుగు గంటల చిల్లర, పడమటికి తిరిగి వెళ్లేటప్పుడు పదహారు దాకా. దూరం అదే, విమానం అదే. మీ దోస్తు లెక్క ప్రకారం ఇది తిరగబడాలి.

టవర్_తాత
శీను చెప్పింది నిజం. భూమితో పాటే గాలి కూడా తిరుగుతుంది పోరడా. పోయే రైల్లో కూర్చుని జామకాయ పైకి ఎగరేస్తే నీ చేతిలోనే పడుతుంది కదా, వెనక బోగీలో పడదు కదా. తేడా వచ్చేది గాలితోనే. పైన పడమటి నుంచి తూర్పుకి వేగంగా వీచే గాలి ఉంటుంది, జెట్ స్ట్రీమ్, శీను విమానాన్ని వెనక నుంచి నెట్టేది అదే.

మన దగ్గర మాత్రం ఒక విశేషం ఉంది. చలికాలంలో పైన పడమటి గాలి, వైజాగ్ వెళ్లేవాళ్లకి సాయం. జులై, ఆగస్టుల్లో తిరగబడుతుంది. రుతుపవనాల రోజుల్లో దక్షిణ భారతం పైన బాగా ఎత్తులో తూర్పు నుంచి జెట్ వీస్తుంది. అప్పుడు వైజాగ్ నుంచి హైదరాబాద్ వచ్చేవాళ్లకి సాయం. ఇంత దగ్గర ఊళ్లకి రెండు మూడు నిమిషాలే తేడా వస్తుందనుకో.

సింహాచలం_అప్పన్న
భూమి తిరగడం అంటే గుర్తొచ్చింది, మా వైజాగ్‌లో పొద్దు మీకంటే 19 నిమిషాలు ముందే పొడుస్తాది. మీరింకా ముసుగు తన్ని ఉండగానే మేం బీచ్‌లో రెండు రౌండ్లు ఏసేస్తాం.

వరంగల్_పోరడు
రాత్రి 19 నిమిషాలు ముందే పండుకుంటరు గద, సమానమే

డాలస్_శీను
దూరం అంటే ఇంకో మాట. 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి చికాగోకి ఎయిర్ ఇండియా డైరెక్ట్ వేసింది. 13,280 కిలోమీటర్లు, పదహారు గంటల పైనే. అది ఉన్నన్నాళ్లు మా అత్తయ్య మామయ్యలకి ప్రాణం లేచొచ్చింది. మధ్యలో ఎక్కడా దిగక్కర్లేదు, ఇంగ్లిష్ రాకపోయినా పర్వాలేదు, హైదరాబాద్‌లో ఎక్కిస్తే చికాగోలో మేం నిలబడి ఉంటాం. తర్వాత ఆపేశారు. ఇప్పుడు దోహాలోనో దుబాయ్‌లోనో మూడు గంటలు, గేటు నంబరు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చి పంపిస్తాం. పెద్దవాళ్లకి కావాల్సింది నిమిషాలు తగ్గడం కాదు, మారడాలు తగ్గడం. గాజువాక గారు కూడా ఇది ఆలోచించాలి.

గాజువాక_అమ్మాయి
శీను గారూ మీరు చెప్పింది మనసుకి తగిలింది. తాతగారూ చాలా థ్యాంక్స్, ఇన్నాళ్లకి అర్థమైంది. అన్నీ కూడి చూశా ఇప్పుడు. విమానం అయితే: గాజువాక నించి ఎయిర్‌పోర్టు 20 నిమిషాలు, రెండు గంటలు ముందు ఉండాలి, గంటా ఇరవై, సామాను 25, శంషాబాద్ నించి మియాపూర్ ఔటర్ మీద 45 కిలోమీటర్లు గంటా పావు. మొత్తం అయిదు గంటల ఇరవై నిమిషాలు. వందే భారత్ అయితే: స్టేషనుకి ముప్పావు గంట, అరగంట ముందు, ఎనిమిదిన్నర గంటలు, సికింద్రాబాద్ నించి మెట్రోలో అమీర్‌పేట మారి మియాపూర్ ఒక గంటా పావు. పదకొండు గంటలు. 510కి అయిదు గంటల ఇరవై, అంటే గంటకి వంద కిలోమీటర్లు కూడా పడట్లేదు విమానంలో!

బెజవాడ_బుల్లోడు
మీదే నయం. మాది చూడండి, శంషాబాద్–గన్నవరం గాల్లో 264 కిలోమీటర్లు, రోడ్డు మీద ఊరికి ఊరు 275. చిన్న ఏటీఆర్ విమానం, దాని స్పీడే 500, టికెట్ మీద గంట పైన. నాకు కూకట్‌పల్లి నించి శంషాబాద్ గంట, ముందు రెండు గంటలు, గాల్లో గంట, గన్నవరం నించి బెంజ్ సర్కిల్‌కి అరగంట పైన. మొత్తం నాలుగున్నర, అయిదు. కారులో అయితే అయిదు, మధ్యలో టిఫిన్ కూడా అయిపోతుంది. ఒకసారి ట్రై చేసి మానేశా.

పుష్పక్_ప్రయాణికుడు
నువ్వు కూకట్‌పల్లి కాబట్టి అలా. మాది రాజేంద్రనగర్, ఎయిర్‌పోర్టు ఇరవై నిమిషాలు. నేను బ్యాగ్ చేతిలో పట్టుకుని వెబ్ చెకిన్ చేసుకుని గంట ముందు వెళ్తా, విజయవాడ ఇంటికి మూడున్నర గంటల్లో ఉంటా. అందరికీ ఒకటే లెక్క చెప్పకూడదు. విమానం దూరం శంషాబాద్ నించి కొలవకూడదు, ఎవరి ఇంటి నించి వాళ్లు కొలుచుకోవాలి.

బెజవాడ_బుల్లోడు
ఒప్పుకున్నా. కానీ గంట ముందు వెళ్లి గుండె దడతో క్యూలో నిలబడటం నా వల్ల కాదు

సీటు_12ఎఫ్
సామాను వేసేది ఉంటే గంట ముందు కుదరదు కూడా, సరిగ్గా గంట ముందే కౌంటర్ మూసేస్తారు. నా కళ్ల ముందే ఒక పెద్దాయన ఊరగాయ జాడీల పెట్టెతో నాలుగు నిమిషాలు లేటుగా వచ్చారు, ఒప్పుకోలేదు. ఆయన పెట్టె మీదే కూర్చుండిపోయారు. అది చూశాక నేను ఎవరికైనా రెండు గంటలే చెప్తా.

రైలుబండి_రాజు
గాజువాక గారి లెక్కలో ఒక తప్పుందండి. రాత్రి రైలు లెక్క వేయలేదు. దువ్వాడకి ఇరవై నిమిషాలు, బండిలో పన్నెండు గంటల పైన, కానీ అందులో ఎనిమిది గంటలు నిద్ర. అమ్మగారు మెలకువగా ఇబ్బంది పడేది నాలుగు గంటలు. విమానంలో అయిదు గంటల ఇరవై నిమిషాలూ మెలకువే, నిలబడటం, బెల్టు తీయడం, నడవడం. వందే భారత్ నాకు ప్రాణమండీ, 2023 సంక్రాంతికి మొదలైన రోజు సామర్లకోటలో నిలబడి చెయ్యి ఊపాను. కానీ అది కుర్చీ బండి. 72 ఏళ్లకి ఎనిమిదిన్నర గంటలు కుర్చీలో అంటే నేను వద్దనే చెప్తా.

టవర్_తాత
నడక విషయంలో భయం వద్దు. టికెట్ బుక్ చేసేటప్పుడే వీల్‌చైర్ కావాలని పెట్టమ్మా. దానికి డబ్బులు తీసుకోరు. మెయిన్ గేటు నుంచి విమానం తలుపు దాకా, అక్కడ దిగాక ట్యాక్సీ దాకా మనిషి తోసుకెళ్తాడు. క్యూలు కూడా ఉండవు.

బేగంపేటలో ఇవేవీ అవసరం ఉండేవి కావు. 2008 మార్చి 23న శంషాబాద్‌కి మారిపోయింది. అంతకు ముందు అమీర్‌పేటలో అన్నం తిని చెయ్యి కడుక్కుని బయల్దేరినా విమానం అందేది. ఊరు పెరిగింది, అంత పెద్ద రన్‌వేకి ఊళ్లో చోటు ఎక్కడిది, మారక తప్పలేదు. కానీ గాల్లో టైము ఒక్క నిమిషం తగ్గకుండా ఇంటి నుంచి ఇంటికి గంట పెరిగింది.

సింహాచలం_అప్పన్న
మాకూ అదే వస్తాది తాతగారూ. భోగాపురం ఎయిర్‌పోర్టు ఊరికి 45 కిలోమీటర్లు. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి పండగే. గాజువాక వాళ్లకి ఇప్పుడున్న ఇరవై నిమిషాలు ఎగిరిపోయి గంటన్నర అవుతాది. కాబట్టి అక్కా, అమ్మని ఇక్కడి నించే బేగి ఎక్కించేయ్.

కళ్లజోడు_కల్యాణి
అమ్మగారు ఎందుకు వస్తున్నారో అడగొచ్చా? ఊరికే ఉండటానికా, ఆసుపత్రి పనా? ఆరోగ్యం విషయమైతే కొన్నిసార్లు అదే తేలుస్తుంది ఎలా వెళ్లాలో.

గాజువాక_అమ్మాయి
ఆపరేషనే కల్యాణి గారూ. కుడి కంట్లో రెటీనా మధ్యలో చిన్న రంధ్రం పడిందన్నారు. చదివేటప్పుడు అక్షరాల మధ్యలో మచ్చలా కనపడుతుందట, గీతలు వంకరగా కనపడతాయట. వైజాగ్‌లో కూడా చేస్తారు, కానీ తర్వాత కొన్ని రోజులు బోర్లా పడుకోవాలట, అక్కడ చూసేవాళ్లు లేరు, అందుకని ఇక్కడ. పది రోజుల తర్వాత తిరిగి విమానంలో పంపిద్దాం అనుకుంటున్నా, రానూ పోనూ ఒకేసారి బుక్ చేస్తే సరిపోతుందని.

కళ్లజోడు_కల్యాణి
ఆగండి, తిరుగు టికెట్ బుక్ చేయొద్దు!! నేను కంటి ఆసుపత్రిలో ఆప్టోమెట్రిస్ట్‌ని, రోజూ చెప్పే విషయం ఇది. ఆ ఆపరేషన్‌లో కంట్లోపల గ్యాస్ బుడగ పెడతారు, అది రంధ్రాన్ని లోపలి నించి ఒత్తి పట్టుకుంటుంది, బోర్లా పడుకోమనేది అందుకే. ఆ బుడగ కంట్లో ఉన్నంతకాలం విమానం ఎక్కకూడదు. విమానం లోపల గాలి ఒత్తిడి నేల మీద ఉన్నంత ఉండదు, ఆరేడు వేల అడుగుల కొండ మీద కూర్చున్నట్టు ఉంటుంది. ఒత్తిడి తగ్గితే బుడగ ఉబ్బుతుంది. కంట్లో అది ఉబ్బడానికి చోటెక్కడిది? లోపల ప్రెషర్ పెరిగిపోయి విపరీతమైన నొప్పి, చూపే పోవచ్చు. పది రోజులకి బుడగ పోదు. గ్యాస్ రకాన్ని బట్టి రెండు మూడు వారాలు, ఒక్కోటి ఆరు నించి ఎనిమిది వారాలు కూడా. గ్యాస్ కాకుండా సిలికాన్ ఆయిల్ పెడితే ఈ ఇబ్బంది ఉండదు. ఏది పెడుతున్నారో సర్జన్‌ని అడిగి కాగితం మీద రాయించుకోండి. చాలాచోట్ల చేతికి ఒక పట్టీ కూడా కడతారు, బుడగ పోయేదాకా అది తీయొద్దు. వేరే ఏదైనా ఆపరేషన్‌కి మత్తు ఇవ్వాల్సి వచ్చినా ఆ డాక్టర్‌కి ముందే చెప్పాలి, నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు గ్యాస్ ఇస్తే కూడా బుడగ ఉబ్బుతుంది.

గాజువాక_అమ్మాయి
చేతులు వణుకుతున్నాయండీ ఇది చదివాక. పేమెంట్ పేజీ దాకా వెళ్లి ఆగాను పొద్దున. చాలా చాలా థ్యాంక్స్.

వరంగల్_పోరడు
అక్క మంచిగ అడిగినవ్ కల్యాణక్కా. మేమందరం నిమిషాల లెక్కలల్ల మునిగిపోయినం

టవర్_తాత
ముప్పై ఏళ్ల పైన పని చేశాను, ఈ సంగతి నాకూ తెలియదు తల్లీ. రాసిపెట్టుకున్నాను.

రైలుబండి_రాజు
కల్యాణి గారూ, మరి రైలు పర్వాలేదాండి? దారిలో ఎత్తు పల్లాలు?

కళ్లజోడు_కల్యాణి
హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, వైజాగ్ సముద్రం పక్కన. కిందికి దిగుతున్నాం కాబట్టి బుడగ ఉబ్బదు, కొంచెం తగ్గుతుంది. మధ్యలో పెద్ద ఘాట్లు కూడా లేవు. బోర్లా పడుకునే రోజులు అయిపోయాక, సర్జన్ సరే అంటే, రైలు పర్వాలేదు. కానీ ఇంటికెళ్లాక ఎవరైనా చుట్టాలొచ్చారని అరకు తీసుకెళ్లొద్దు, అది 900 మీటర్లు. బుడగ పోయేదాకా కొండలు వద్దు.

రైలుబండి_రాజు
అయితే తిరుగు ప్రయాణం నాకొదిలేయండి గాజువాక గారూ. సికింద్రాబాద్‌లో సాయంత్రం ఎక్కి దువ్వాడలో తెల్లారుతూ దిగండి. లోయర్ బెర్త్. మీరు పక్క మిడిల్ తీసుకోండి. డోర్ల దగ్గర బెర్తులు వద్దు, రాత్రంతా తలుపు చప్పుడు.

సీటు_12ఎఫ్
రావడానికి మాత్రం విమానమే కదా? కిటికీ సీటు ఇప్పించండి ఆంటీకి, మొదటిసారి కదా.

గాజువాక_అమ్మాయి
అవును, రావడం విమానమే. నేనే వెళ్లి తీసుకొస్తా. టైములు రాసి పెడతా, 12ఎఫ్ గారిలాగా.

గాజువాక_అమ్మాయి
వచ్చేశాం! మొన్న ఆదివారం. ఇంటి తలుపు తాళం వేసింది 11:10. ఎయిర్‌పోర్టు 11:30. టికెట్ మీద 1:35. కదిలింది 1:32. లేచింది 1:44. నేల తాకింది 2:41. ఆగింది 2:50. వీల్‌చైర్‌లో బయటికి వచ్చేసరికి 3:20. మియాపూర్ ఇంటి లిఫ్ట్ దగ్గర 4:35. మొత్తం అయిదు గంటల ఇరవై అయిదు. నేను వేసిన లెక్కకి అయిదు నిమిషాలే తేడా. గాల్లో 57.

అమ్మ లేచేటప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పైకి వెళ్లాక ఎడమ కన్నుతో కిటికీలోంచి చూస్తూ ఉంది, మబ్బులు కాదు, కింద నేల. స్టీల్ ప్లాంటు చిమ్నీలు గుర్తుపట్టింది, నాన్న అక్కడే 31 ఏళ్లు పని చేశారు. "మీ నాన్న ఇంత చిన్న చోటుకి రోజూ అంత పొద్దున్నే వెళ్లేవారా" అంది.

సింహాచలం_అప్పన్న
అక్కా కళ్లంట నీళ్లొచ్చాయి నిజంగా. మా నాన్నది కూడా ప్లాంటే.

టవర్_తాత
57 అంటే ఎదురు గాలి కొంచెం ఉన్నట్టుంది, లేకపోతే శంషాబాద్‌లో వరసలో పెట్టి ఉంటారు. అమ్మగారికి నా నమస్కారం చెప్పమ్మా. ఆపరేషన్ ఎప్పుడు?

గాజువాక_అమ్మాయి
గురువారం తాతగారూ. గ్యాసే పెడతామన్నారు. కల్యాణి గారు చెప్పినట్టే అడిగి రాయించుకున్నా.

గాజువాక_అమ్మాయి
చాలా రోజుల తర్వాత వస్తున్నా, చెప్పకపోతే బాగోదు. ఆపరేషన్ బాగా జరిగింది, రంధ్రం మూసుకుంది అన్నారు. బోర్లా పడుకునే రోజులు మాత్రం నరకం, టీ కూడా స్ట్రాతో తాగించా. మూడు వారాలకి ఇంక ఉండనంది, మొక్కలు ఎండిపోతున్నాయట, పక్కింటివాళ్లు సరిగ్గా నీళ్లు పోయట్లేదట. బుడగ ఇంకా సగం ఉంది, కంట్లో నీటి మట్టం గీతలా ఊగుతుందని చెప్తుంది. డాక్టర్ గారు రైలుకి ఒప్పుకున్నారు, చేతి పట్టీ తీయొద్దన్నారు. రాజు గారు చెప్పిన సాయంత్రం బండే, లోయర్ బెర్త్, డోర్లకి దూరంగా. మియాపూర్ ఇంటి నించి గాజువాక ఇంటికి పద్నాలుగు గంటల పది నిమిషాలు. అమ్మ తొమ్మిదింటికి పడుకుంది, అన్నవరం దాటాక లేచింది.

రైలుబండి_రాజు
బండి ఎంత లేటండి?

గాజువాక_అమ్మాయి
ఎనిమిది నిమిషాలు.

రైలుబండి_రాజు
టికెట్ మీద లేదు కదా అది, 12ఎఫ్ గారి పుస్తకంలో రాయించండి

కళ్లజోడు_కల్యాణి
బుడగ పూర్తిగా పోయిందని డాక్టర్ చూసి చెప్పాకే పట్టీ తీయండి. గీత కనపడటం మానేసింది కదా అని ఇంట్లో తీసేయొద్దు.

గాజువాక_అమ్మాయి
సరేనండి. అమ్మ రోజూ అదే అడుగుతుంది, పట్టీ ఎప్పుడు తీస్తారు అని. ఎందుకు అంత తొందర అంటే, ఈసారి రాత్రి విమానం ఎక్కించు, ప్లాంటు లైట్లు చూస్తాను అంటోంది.